ప్లాస్టిక్ బకెట్ ఉన్న 'పురాతన' కలంకారి: నా బొమ్మ కింద నా పేరు రాయించుకున్న అనుభవం

నేను వేసిన బొమ్మను ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ నా పేరు లేకుండా పెట్టుకుంటే, "రిపోర్ట్ కొట్టెయ్, అయిపోతుంది" అని నాకు చాలామంది చెప్పారు. కొట్టాక ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే 2025 జనవరి నుంచి నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. బొమ్మలు వేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకునేవాళ్ళకు పనికొస్తుందనుకుంటున్నాను.

నేను ఉండేది తిరుపతి. బట్ట మీద కలంతో బొమ్మలు వేసే పెన్ కలంకారి నేర్చుకున్నది శ్రీకాళహస్తిలో, ఒక గురువుగారి దగ్గర. రామాయణం, దశావతారాలు, కల్పవృక్షం ఏళ్ళ తరబడి వేశాక, 2024 వేసవిలో నా సొంత ఊహతో ఒక బొమ్మ వేశాను. మూడడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవున్న గాడా (ముతక నూలు) బట్ట. స్వర్ణముఖి ఏట్లో కలంకారి బట్టలు జాడించేవాళ్ళు, వెనక కొండ, మధ్యలో సన్నటి నీటిపాయ, ఇసుకలో ఆరేసిన బట్టలు, ఆ బట్టల మీద మళ్ళీ చిన్న చిన్న బొమ్మలు. ఒక పక్కన నీలిమందుతో ప్లాస్టిక్ బకెట్ కూడా వేశాను. ఏటి దగ్గర నేను చూసింది అదే మరి. ఈ బకెట్ సంగతి గుర్తుపెట్టుకోండి, కథలో చాలాసార్లు వస్తుంది.

కరక్కాయ, బర్రెపాలలో బట్ట తడపడం దగ్గర్నుంచి చివరి జాడింపు దాకా రెండు నెలలు దాటింది. రీల్ చేద్దామని ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫోటోలు తీస్తూ వచ్చాను. చింతబొగ్గుతో వేసిన చిత్తు గీత, దాని మీద కసిమితో (ఇనుము, బెల్లం నీళ్ళలో పులియబెట్టి చేసే నల్లరంగు) నల్ల గీత, పటిక పూసి ఉడకబెట్టాక ఎరుపు తేలిన బట్ట, పసుపు, చివర్లో నీలం. ఈ ఫోటోలే తర్వాత నా పక్షాన నిలబడ్డాయి. అక్టోబరులో పూర్తయిన బొమ్మ ఫోటో ఒకటి, తయారీ రీల్ ఒకటి పెట్టాను. రెండిటికీ కలిపి నాలుగైదు వందల లైకులు వచ్చాయి. నా లెక్కకు అది పండగే.

సంక్రాంతి అయిన తర్వాతి వారం, హైదరాబాదులో ఉన్న మా చెల్లెలు ఒక స్క్రీన్‌షాట్ పంపింది. "అక్కా, ఇది నీ బొమ్మ కాదూ?"

నాదే. మన గుళ్ళు, మన వారసత్వం అంటూ రోజూ పోస్టులు పెట్టే ఒక పెద్ద పేజీ. లక్షల్లో ఫాలోవర్లు. ఫోటో కింది భాగం, అంటే నా సంతకం ఉన్న మేర, కత్తిరించేశారు. పైన పెద్ద అక్షరాలతో "400 ఏళ్ళ నాటి ఆలయ వస్త్ర చిత్రం" అని రాశారు. సహజ రంగులు నేటికీ చెక్కుచెదరలేదట. ఇలాంటివి మన పిల్లల పుస్తకాల్లో ఎందుకు చెప్పరని ఒక ప్రశ్న కూడా వేశారు. వేలల్లో లైకులు, వరసగా దండాలు పెట్టే ఎమోజీలు. ఒకాయనైతే "ఆ ఓపిక అప్పటివాళ్ళకే చెల్లింది, ఇప్పటివాళ్ళకు ఇలాంటివి చేతకావు" అని రాశాడు. నేను ఇప్పటిదాన్నే. బకెట్ కూడా అక్కడే ఉంది, నీలంగా, పిడితో సహా. అన్ని వేలమందిలో ఒక్కరికీ అది కనబడలేదు.

మొదట పగలబడి నవ్వాను. ఇంట్లో అందరికీ చూపించాను. రాత్రి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎవరో తన పేరు పెట్టుకుని ఉంటే కోపం వచ్చేది, అది తేలిక. ఇక్కడ ఎవరూ దొంగతనం చేసినట్టు కూడా లేదు. నన్ను తీసుకెళ్ళి 400 ఏళ్ళ క్రితం పేరు లేకుండా చచ్చిపోయినవాళ్ళలో కలిపేశారు, అంతే.

ముందు మా ఆయన ఒక మంచి పని చేయించాడు. పేజీ వాళ్ళకు ఒక్క ముక్క రాయకముందే అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీయించాడు. పోస్టు ఒక్కటే సరిపోదు. కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి పైన లింకు, కింద తేదీ రెండూ కనిపించేలా తీయాలి. పేజీ ప్రొఫైల్ నుంచి పోస్టు దాకా వెళ్ళడం స్క్రీన్ రికార్డింగ్ చేయాలి. మనం అడిగాక వాళ్ళు పోస్టు తీసేసినా, మనల్ని బ్లాక్ చేసినా ఇక చూపించడానికి ఏమీ ఉండదు.

తర్వాత మర్యాదగా మెసేజ్ పెట్టాను. "ఈ బొమ్మ నేను 2024లో వేసింది. దయచేసి వివరాలు సరిచేసి నా పేరు రాయండి" అని నా పోస్టు లింకు ఇచ్చాను. జవాబు లేదు. మనల్ని ఫాలో కాని వాళ్ళకు మనం పంపే మెసేజ్ వేరే ఫోల్డర్‌లో పడుతుందని, పెద్ద పేజీల వాళ్ళు దాన్ని తెరవడమే అరుదని నాకు తర్వాత తెలిసింది. పోస్టు కింద కామెంట్ పెడితే గంటలో దండాల ఎమోజీల కింద మునిగిపోయింది. నా స్నేహితులు, నాతో పాటు నేర్చుకున్నవాళ్ళు తలా ఒక కామెంట్ పెట్టారు. ఓ వారానికి పేజీలో కదలిక వచ్చింది. హ్యాష్‌ట్యాగ్‌లన్నీ అయిపోయాక అట్టడుగున ఒక వాక్యం చేర్చారు. "క్రెడిట్స్: సంబంధిత యజమానికి."

ఆ సంబంధిత యజమానిని నేను రోజూ అద్దంలో చూస్తున్నాను. పైన 400 ఏళ్ళు అలాగే ఉంది.

మా చెల్లెలు ఊరుకోక మళ్ళీ కామెంట్ పెట్టింది. ఈసారి ఆ వాక్యం కూడా పోయి "పిక్ క్రెడిట్: గూగుల్" అని వచ్చింది. గూగుల్ ఎప్పుడు బట్ట మీద కలం పట్టిందో నాకు తెలియదు. ఆ రోజే రిపోర్ట్ పెట్టాలని నిర్ణయించుకున్నాను.

యాప్‌లో మూడు చుక్కలు నొక్కి "రిపోర్ట్" అనేస్తే సరిపోతుందనుకున్నాను. కాపీరైట్‌కు వేరే ఫారం ఉంది, హెల్ప్ సెంటర్‌లో దొరుకుతుంది. కంప్యూటర్ మీద నింపడమే సుఖం. మీరే హక్కుదారా, ఇంకొకరి తరఫున పెడుతున్నారా అని ముందే అడుగుతుంది. పూర్తి పేరు, తపాలా చిరునామా, ఈమెయిల్ ఇవ్వాలి. అవతలివాళ్ళ పోస్టు లింకు, మన అసలు పోస్టు లింకు పెట్టాలి. అది ఫోటోనా, వీడియోనా, చిత్రమా అన్నది ఎంచుకోవాలి. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాను. బొమ్మ మీద హక్కు వేరు, ఆ బొమ్మను తీసిన ఫోటో మీద హక్కు వేరు. నా ఫోటో నేనే తీసుకున్నాను కాబట్టి గొడవ లేదు. స్టూడియో వాళ్ళో స్నేహితులో తీస్తే ఆ ఫోటో విషయం వాళ్ళతో ముందే మాట్లాడుకోవడం మంచిది.

రెండు చోట్ల చెయ్యి ఆగింది. ఒకటి, నేను రాసిందంతా నిజమని, అబద్ధమైతే శిక్షకు బాధ్యురాలినని ఒప్పుకునే వాక్యం. నిజమే చెబుతున్నా సరే, అలాంటిది చదివితే గుండె కొంచెం దడదడలాడుతుంది. రెండోది అసలైన టెన్షన్. నా పేరు, నా ఈమెయిల్, ఫిర్యాదు దేని గురించో ఆ పోస్టు పెట్టిన వ్యక్తికి తెలియజేయవచ్చని అక్కడే రాసి ఉంది. ఎవరో ఏమిటో తెలియని పేజీకి నా మెయిల్ వెళ్ళడం నచ్చలేదు. లేచి, పని కోసం కొత్త మెయిల్ ఐడీ ఒకటి తెరిచి, మళ్ళీ మొదటినుంచి నింపాను. చిరునామా దగ్గర ఇంటిది కాకుండా శ్రీకాళహస్తిలో మేం పని చేసే చోటుది ఇచ్చాను. చివర్లో పూర్తి పేరు టైప్ చేస్తే అదే సంతకం. ఖర్చు ఏమీ లేదు.

ఫారం మొత్తంలో "నా పేరు పెట్టించండి" అనే గడి మాత్రం లేదు. తీసేయమని అడగడానికే ఆ ఫారం.

వెంటనే ఒక నంబరుతో మెయిల్ వచ్చింది. మరుసటి రోజు సాయంత్రం పోస్టు తీసేశామని ఇంకో మెయిల్. వంటింట్లోంచి అరిచాను, ఇంట్లోవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. అరగంట సంతోషంగా ఉన్నాను. ఆ తర్వాత ఆ లింకు నొక్కి చూస్తే ఖాళీ. పోస్టుతో పాటు కామెంట్లు పోయాయి, మావాళ్ళు నా గురించి రాసినవీ పోయాయి. దాన్ని చూసిన వేలమందికి మాత్రం అది 400 ఏళ్ళ నాటి గుడి బట్టే. వాళ్ళలో చాలామంది ఈపాటికి వాట్సాప్‌లో ఇంకెంతమందికి పంపారో. పోస్టు ఉన్నప్పుడు కనీసం సరిదిద్దడానికి ఒక చోటు ఉండేది. ఇప్పుడు ఆ చోటు కూడా లేదు. నాకు కావలసింది పేరు, నేను తెచ్చుకున్నది ఖాళీ.

రెండు రోజులకు కొత్త మెయిల్ ఐడీకి ఒక ఉత్తరం వచ్చింది. పేజీ నడిపే అబ్బాయి. ఫోన్ నంబర్ ఇచ్చి మాట్లాడమన్నాడు. నేను ఎవరో పెద్ద ఆఫీసు, పదిమంది స్టాఫ్ అనుకున్నాను. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, హాస్టల్ గదిలో కూర్చుని ఒక్కడే నడుపుతున్నాడు. మొదట "మేడమ్" అన్నాడు, ఐదు నిమిషాలకు "అక్కా" లోకి దిగాడు.

"వాట్సాప్ గ్రూప్‌లో వచ్చిందక్కా. కింద ఫోర్ హండ్రెడ్ ఇయర్స్ అని ఉంటే అలాగే పెట్టేశా."

"మరి బకెట్ చూడలేదా నాయనా?"

"ఏ బకెట్ అక్కా?"

లైన్‌లో ఉండగానే ఫోటో తెరిచి చూసుకున్నట్టున్నాడు. కాసేపు మాట రాలేదు. తర్వాత ఇద్దరం నవ్వాం. కోపం సగం అక్కడే దిగిపోయింది.

వాడి భయం వేరు. ఇలాంటి కాపీరైట్ ఫిర్యాదులు పేరుకుంటే ఖాతా మొత్తం పోతుంది. నేను ఆ ఫిర్యాదు మెయిల్‌కే జవాబిచ్చి, నంబరు చెప్పి వెనక్కి తీసుకుంటున్నానంటే పోస్టు తిరిగి వస్తుంది, వాడి ఖాతా మీద మచ్చ పోతుంది. ఈ వెసులుబాటు ఉందని నాకు చెప్పింది వాడే. అంటే బేరం నా చేతిలో ఉంది. అప్పటిదాకా నాకు ఆ సంగతే తెలియదు.

నేను డబ్బు అడగలేదు. మూడు విషయాలు అడిగాను. ముందుగా, కత్తిరించని ఫోటోతో కొత్త పోస్టు పెట్టాలి, అది కొలాబ్ పోస్టుగా ఉండాలి. కొలాబ్ అంటే వాళ్ళు పంపిన ఆహ్వానాన్ని నేను ఒప్పుకుంటే ఒకే పోస్టు రెండు ఖాతాల్లోనూ, ఇద్దరి పేర్లతోనూ కనిపిస్తుంది. లైకులు, కామెంట్లు ఉమ్మడివే. తర్వాత, పాత పోస్టు తిరిగొచ్చిన వెంటనే మొదటి లైనులోనే ఇది 2024లో ఫలానా మనిషి వేసిన బొమ్మ అని రాయాలి. ఇన్‌స్టాలో మొదటి ఒకటి రెండు లైన్ల తర్వాత "మోర్" నొక్కితే తప్ప కనబడదు, నొక్కేవాళ్ళు తక్కువ. చివరిగా, ఆ పోస్టు కింద నా కామెంట్‌ను పైన పిన్ చేయాలి.

వాడు మొదటిదానికి, మూడోదానికి ఒప్పుకున్నాడు. రెండోదానికి "తప్పు అని రాస్తే పేజీ పరువు పోద్దక్కా, రీచ్ పడిపోద్ది" అని గునిశాడు. తప్పు అని రాయొద్దు, సరైన వివరం రాయి చాలు అన్నాను. ఫోన్లు, వాయిస్ మెసేజ్‌లు నడిచి నడిచి ఫిబ్రవరి రెండో వారానికి తేలింది. కొలాబ్ పోస్టు వచ్చాకే నేను వెనక్కి తీసుకునే మెయిల్ పంపాను. ఈ వరస మార్చకండి. పోస్టు తిరిగొచ్చిన రోజే వాడు మాట నిలబెట్టుకుని మొదటి లైను మార్చాడు.

ఫలితం గురించి నిజం చెప్పాలి. 400 ఏళ్ళ అబద్ధానికి వచ్చిన చూపుల్లో కొలాబ్ పోస్టుకు పదో వంతు కూడా రాలేదు. ఒకాయన "ఓ, కొత్తదా? అయితే ఇందులో గొప్పేముంది" అని రాశాడు. అదే బొమ్మ, అవే గీతలు. అయినా దాన్ని చూసి బెంగళూరు నుంచి ఒకరు, అమెరికాలో ఉండే తెలుగువాళ్ళు ఒకరు ఆర్డర్ గురించి అడిగారు, ఒక ఆర్డర్ ఖాయమైంది కూడా.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ అబ్బాయే ఒకరోజు "ఫోటోతో నెట్‌లో వెతికే గూగుల్ లెన్స్‌లో మీ ఫోటో వేసి చూడండక్కా" అన్నాడు. చూశాను. వేరే రాష్ట్రంలోని ఒక బొటిక్ పేజీలో దుపట్టా. "ప్యూర్ హ్యాండ్ పెన్ కలంకారి", ధర 1,299 రూపాయలు. నా బొమ్మలో ఇసుకలో ఆరేసిన బట్టల వరసను కోసుకుని అంచుగా డిజిటల్ ప్రింట్ వేశారు. బట్టల పక్కన బకెట్ కూడా తెగి వచ్చేసింది. దుపట్టా పొడుగునా జానెడుకో నీలం బకెట్.

ఈసారి నవ్వు రాలేదు. ఇది తిండికి సంబంధించిన విషయం. చేత్తో వేస్తే ఆ ధరకు రంగుల కూలి కూడా గిట్టదు. కొన్నవాళ్ళు కలంకారి అంటే ఇంతే కాబోలు అనుకుంటారు.

తెలిసినవాళ్ళ ద్వారా తిరుపతిలోనే ఒక లాయరమ్మ దొరికింది. నేను వెళ్ళగానే జీఐ గుర్తింపు (ఒక ఊరికి ప్రత్యేకమైన సరుకుకు ఆ ఊరి పేరుతో ఇచ్చే గుర్తింపు) గురించి మొదలుపెట్టాను. శ్రీకాళహస్తి కలంకారికి జీఐ ఉంది కదా, దాంతో పట్టుకోవచ్చు కదా అని. ఆమె తల అడ్డంగా ఊపింది. "అది ఊరి పేరును కాపాడుతుందమ్మా, నీ బొమ్మను కాదు. నీకు కావలసింది కాపీరైట్." బొమ్మ వేసిన క్షణం నుంచే హక్కు పుడుతుందట, రిజిస్ట్రేషన్ ఉండి తీరాలనేం లేదు. కేసు వేయాల్సి వస్తే వాళ్ళ ఊరికి పోనక్కర్లేదు, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నేను ఉండే చోటి జిల్లా కోర్టులోనే వేయొచ్చు. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది సెక్షన్ 57. బొమ్మ అమ్మేసినా, హక్కులు రాసిచ్చేసినా, ఇది నేను వేసిందని చెప్పుకునే హక్కు నా దగ్గరే ఉంటుందట. బొమ్మను వికృతంగా మార్చి నా పరువు తీస్తే అడ్డుకునే హక్కు కూడా. ఫారంలో లేని గడి చట్టంలో ఉందన్నమాట.

ఆమె మొదట చేయించిన పని ఆ దుపట్టా ఒకటి కొనిపించడం. డబ్బు పెట్టి నా బకెట్లు నేనే కొనుక్కున్నాను. వారంలోపే వచ్చింది. వెనక్కి తిప్పితే తెల్లగా ఉంది. చేత్తో వేసిన కలంకారిలో రంగు బట్టలోకి ఇంకి వెనక కూడా కనబడుతుంది. బిల్లు, కవరు, దుపట్టా, నా దశలవారీ ఫోటోలు, అసలు బట్ట ఫోటో అన్నీ జతచేసి నోటీసు పంపింది. ఫోన్ మార్చొద్దని, ఆ ఫోటోల ఒరిజినల్ ఫైళ్ళు వాట్సాప్‌లో పంపుకుని ఒరిజినల్స్ తుడిచెయ్యొద్దని గట్టిగా చెప్పింది. వాట్సాప్‌లో వెళ్ళిన ఫోటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరాలు అందులో మిగలవు. కోర్టు దాకా పోతే ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి వేరే సర్టిఫికెట్ కూడా జతచేయాలట. నోటీసు ఫీజు 2,500, స్పీడ్ పోస్ట్ ఖర్చు అదనం.

మూడు వారాలు ఏ ఉలుకూ పలుకూ లేదు. మార్చి చివర్లో ఆ బొటిక్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. సరుకు హోల్‌సేల్ వాళ్ళు పంపారని, కాటలాగ్‌లో ఉన్నది ఉన్నట్టు పెట్టామని, వాళ్ళకేమీ తెలియదని. ఎన్ని అమ్మారని అడిగితే "చాలా తక్కువమ్మా" అంది. ఆ చాలా తక్కువ ఎంతో నాకు ఈరోజుకీ తెలియదు. పేజీలోంచి తీసేశారు, లాయర్ ఫీజు యూపీఐలో పంపారు. ఇంకా లాగుదామా అని లాయరమ్మ అడిగింది. అప్పటికి నా చేతిలో ఒక ఆర్డర్ సగంలో ఉంది, కసిమి పులిసి సిద్ధంగా ఉంది. వద్దన్నాను. ఆ ప్రింటు వేసిన హోల్‌సేల్ వాళ్ళెవరో ఇప్పటికీ తెలియదు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించుకో, చూపించడానికి ఒక కాగితం ఉంటుంది అని లాయరమ్మ అంది. కాపీరైట్ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా అంతా ఆన్‌లైనే. ఖాతా తెరిచి ఫారం 14 నింపాలి. చిత్రానికి ఫీజు 500 రూపాయలు. అదే బొమ్మను సరుకుల మీద వాడే ఉద్దేశం ఉంటే 2,000, దానికి ట్రేడ్‌మార్క్ వాళ్ళ దగ్గర్నుంచి సెర్చ్ సర్టిఫికెట్ కూడా కావాలి. నాది గోడకు వేలాడే బొమ్మ కాబట్టి 500తో సరిపెట్టాం. ఇక్కడే ఆమె ఒక హెచ్చరిక చేసింది. రేపు నేనే ఈ బొమ్మను ఏ మిల్లులోనో చీరల మీద ప్రింటు వేయించి అమ్మాలనుకుంటే ముందు డిజైన్ చట్టం కింద రిజిస్టర్ చేయించాలట. చేయించకుండా 50 కాపీలు దాటితే ఆ డిజైన్ మీద కాపీరైటే పోతుంది. ప్రింట్ల ఆలోచన ఉన్నవాళ్ళు దీని గురించి తప్పక కనుక్కోండి.

ఫారంలో ఒక ప్రశ్న దగ్గర రెండు రోజులు ఆగాను. ఇది సొంత రచనా, దేనికైనా అనుసరణా? టిక్ పెట్టడం ఎంతసేపు. కానీ కలంకారిలో ఏది సొంతం? ఆ పెద్ద కళ్ళు, పక్కకు తిరిగిన ముఖం, అంచులో తీగ, ఇవేవీ నేను పుట్టించినవి కావు. సోమవారం కాళహస్తి వెళ్ళి గురువుగారి ముందు బట్ట పరిచాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. వేలితో ఒక్కొక్కటీ చూపిస్తూ పోయారు. "ఈ కన్ను నా దగ్గర నేర్చుకున్నావు. ఈ అంచు మా నాయన వేసేవాడు, ఆయన ఎవరి దగ్గర పట్టాడో. నీళ్ళు ఇట్లా వేసేది ఇక్కడ ఎవరూ లేరు, ఇది నీది. మనుషులు నిలబడిన తీరు నీదే." చివరికి బకెట్ దగ్గర వేలు ఆగింది. "ఇదైతే పూర్తిగా నీదేనమ్మా. మేమెవరం వేయం."

సొంత రచన అన్న చోట టిక్ పెట్టాను. లాయరమ్మ కూడా అదే చెప్పింది. శైలి మీద ఎవరికీ హక్కు ఉండదు, ఈ కూర్పు, ఈ గీత మీద ఉంటుందని. కానీ ఆ రోజు నుంచి నా పోస్టుల్లో వివరాలు రాసే పద్ధతి మారింది. పాత బొమ్మ చూసి వేస్తే ఏది చూసి వేశానో రాస్తున్నాను, అంచు గురువుగారిదైతే ఆయన పేరు రాస్తున్నాను. నా పేరు కోసం ఇన్ని నెలలు పోట్లాడి, నా దగ్గర రంగులు నింపే అక్క పేరు ఎక్కడా రాయకపోతే ఎలా? కలంకారిలో గీత ఒకరిది, రంగు ఇంకొకరిది, ఉడకబెట్టి జాడించేది మరొకరు. ఆ అక్కను అడిగితే నాకు ఇన్‌స్టా గిన్‌స్టా లేదంది. ట్యాగ్ చేయను, పేరు మాత్రం రాస్తానన్నాను. "అయితే మా ఊరు కూడా రాయి, ఈ పేరుతో నలుగురున్నారు" అంది. రాస్తున్నాను. జాడించే ఆయనకు మాత్రం ఇష్టం లేదు, పేరు వద్దన్నాడు. అడగకుండా పేరు పెట్టడం కూడా సరికాదని అప్పుడు తెలిసింది.

సంతకం కూడా మూలన వేయడం మానేశాను. ఇప్పుడు బొమ్మలో ఎవరో ఒకరి కొంగు మడతల్లోనో చెట్టు కాండం మీదో వేస్తున్నాను. కత్తిరించాలంటే మనిషిని కత్తిరించాలి. అడ్డంగా పెద్ద వాటర్‌మార్క్ వేసి చూశాను గానీ బొమ్మ చచ్చిపోతోంది, నాకు నచ్చలేదు.

చివరిది రీల్ సంగతి. ఏప్రిల్‌లో అమెరికా నుంచి నడిచే ఒక చేతిపనుల వీడియోల పేజీ నా రీల్ మొత్తం తీసుకుని, మీద ఎవరిదో గొంతు పెట్టి పోస్టు చేసింది. నా చేతులు, వాళ్ళ మాటలు. పేరు అడిగాను, పలకలేదు. అనుభవం ఉంది కదా, పది నిమిషాల్లో ఫారం నింపేశాను. వీడియో పోయింది. పది రోజులకు ఒక మెయిల్ వచ్చింది. వాళ్ళు కౌంటర్ నోటిఫికేషన్ పెట్టారు, అంటే తీసేయడం తప్పని ఎదురు వాదన. అది అమెరికా చట్టం కింద నడిచే పద్ధతి. ఆ తర్వాత 10 నుంచి 14 పని దినాల్లోపు నేను కోర్టులో కేసు వేసినట్టు చూపించకపోతే వీడియో మళ్ళీ వస్తుంది. లాయరమ్మకు ఫోన్ చేశాను. అక్కడి లాయర్‌ను పెట్టుకుంటే అయ్యే ఖర్చు గురించి ఆమె చెప్పిన మాట విని నవ్వేసి పెట్టేశాను. గడువు దాటింది, వీడియో తిరిగొచ్చింది. ఈ వారం కూడా చూశాను, ఉంది. కింద మొదటి కామెంట్ మాత్రం నాదే, నా రీల్ లింకుతో. దానికి ఓ అరవై మంది లైకు కొట్టారు, ఎందుకో దాన్ని వాళ్ళు తీసేయలేదు.

రిజిస్ట్రేషన్‌కు ఫీజు కట్టగానే డైరీ నంబర్, అంటే దరఖాస్తు నంబరు, వచ్చింది. ఎవరైనా అభ్యంతరం చెప్తారేమోనని 30 రోజులు ఆగి, ఆ తర్వాతే పరిశీలనకు తీసుకుంటారు. ఆ 30 రోజుల్లో ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు పరిశీలనలో ఉంది. డైరీ నంబర్ కొట్టి అప్పుడప్పుడు స్టేటస్ చూస్తున్నాను. సర్టిఫికెట్ వచ్చాక దానికి ఎంత కాలం పట్టిందో రాస్తాను.